సెంట్రల్ లైన్ వేయాలా, చేతి క్యాన్యులా సరిపోతుందా: ఐసీయూలో ఎలా తేల్చుకోవాలి

ఐసీయూలో సెంట్రల్ లైన్ (మెడ, ఛాతీ లేదా తొడ దగ్గర నుంచి పెద్ద రక్తనాళంలోకి వేసే పొడవాటి గొట్టం) పడడానికి పెద్ద కారణమేమీ ఉండక్కర్లేదు. బీపీ కాస్త పడితే లైన్. చేతి క్యాన్యులాకు (చేతి నరంలో పెట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టం) నరం దొరక్కపోతే లైన్. రాత్రి ఏమవుతుందో ఏమోనని సాయంత్రమే ఒక లైన్. "ఎందుకైనా మంచిది" అన్న మాటతో చర్చ ముగిసిపోతుంది. నాలుగు రోజులకు రోగి కుదుటపడతాడు, ఇంజెక్షన్లు మాత్రలవుతాయి, లైన్ మాత్రం మెడ దగ్గర అలాగే ఉంటుంది.

సెంట్రల్ లైన్ లేకపోతే గట్టెక్కని రోగులు ఉంటారు. వాళ్లకు వేయడంలో తాత్సారం చేస్తే నష్టమే. నేను రాస్తున్నది వాళ్ల గురించి కాదు. వేసినా నడుస్తుంది, వేయకపోయినా నడుస్తుంది అన్నట్టుండే మిగతా రోగుల గురించి. ఐసీయూలో పనిచేసే జూనియర్ డాక్టర్లు, నర్సులు చదువుతారని అనుకుంటూ రాస్తున్నాను. బయట కూర్చున్న కుటుంబసభ్యులకు పనికొచ్చే నాలుగు మాటలు చివర్లో ఉన్నాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "లైన్ కావాలా వద్దా" అని చర్చ మొదలుపెడితే జవాబు దాదాపు ఎప్పుడూ "వేసేద్దాం" అనే వస్తుంది. ఏ మందు ఎక్కించాలి, ఎంత గాఢతలో, ఎన్ని రోజులు అనే మూడింటికీ ముందు జవాబు రాసుకోండి. ఏ పరికరం కావాలో చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఆ పని చేయగలిగిన వాటిలో అతి చిన్నదాన్ని ఎంచుకోండి. రేపు పొద్దున మళ్లీ అదే ప్రశ్న వేసుకోండి.

లైన్ వేస్తే ఏం వస్తుంది, ఏం పోతుంది

సెంట్రల్ లైన్ కొస గుండెకు పైన ఉండే పెద్ద రక్తనాళంలో ఉంటుంది. అక్కడ రక్తం ధారగా పారుతుంటుంది కాబట్టి ఎంత ఘాటైన మందైనా క్షణంలో పలచబడిపోతుంది, నాళం గోడకు దెబ్బ తగలదు. దీని అసలు బలం ఇదే. ఒకేసారి మూడు నాలుగు మందులు వేర్వేరు దారుల్లో పంపగలగడం రెండోది.

నష్టాలు రెండు దశల్లో వస్తాయి. వేసేటప్పుడు పక్కనున్న ధమనికి సూది తగలొచ్చు, ఊపిరితిత్తికి తగిలి ఛాతీలో గాలి చేరొచ్చు, లైన్‌కు దారి చూపే సన్నటి తీగ (గైడ్‌వైర్) గుండెను తాకి లయ తప్పొచ్చు. అల్ట్రాసౌండ్ వచ్చాక ఇవి బాగా తగ్గాయి. ఉంచిన తర్వాత వచ్చేవి వేరు: రక్తంలో ఇన్ఫెక్షన్, నాళంలో రక్తపు గడ్డ. వేసేటప్పటి ప్రమాదం ఒక్కసారి దాటితే పోతుంది. ఇన్ఫెక్షన్ ముప్పు మాత్రం లైన్ ఉన్న ప్రతి రోజూ ఉంటుంది. అందుకే లెక్కలన్నీ "వెయ్యి క్యాథటర్ రోజులకు ఎన్ని" అని వేస్తారు (ఒక రోగికి లైన్ ఒక రోజు ఉంటే అది ఒక క్యాథటర్ రోజు). పరిశుభ్రతలో ఎంత జాగ్రత్తపడినా, ఆ రోజుల సంఖ్యను తగ్గించడానికి లైన్ తీసేయడం తప్ప దారి లేదు.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు కలిసి చేసిన ప్రయత్నం గురించి ఈ రంగంలో ఉన్నవాళ్లు వినే ఉంటారు. పీటర్ ప్రొనొవోస్ట్ బృందం 2006లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, వెయ్యి క్యాథటర్ రోజులకు సగటున 7.7గా ఉన్న రక్త ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కి దిగాయి. వాళ్లు పట్టుబట్టినవి ఐదే పనులు: చేతులు కడగడం, లైన్ వేసేటప్పుడు రోగిని పూర్తిగా స్టెరైల్ బట్టతో కప్పి గౌను, మాస్కు, గ్లవ్స్ వేసుకోవడం, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశిని వాడడం, వీలైనంత వరకు తొడ నరం జోలికి పోకపోవడం, అవసరం తీరిన లైన్ తీసేయడం. మొదటి నాలుగింటికీ చెక్‌లిస్టులు వచ్చాయి, ట్రాలీలు వచ్చాయి, గోడల మీద పోస్టర్లు వచ్చాయి. ఐదోదానికి ఏ సామానూ అక్కర్లేదు, ఎవరో ఒకరు అడిగితే చాలు. అదే అన్నిటికంటే వెనకబడింది.

త్వరగా సెలైన్ ఎక్కించాలంటే

ఇక్కడే పెద్ద అపోహ ఉంది. షాక్‌లో (బీపీ బాగా పడిపోయి అవయవాలకు రక్తం అందని స్థితిలో) ఉన్న రోగికి, రక్తం పోతున్న రోగికి "పెద్ద లైన్ కావాలి" అంటూ మెడకు ట్రిపుల్ ల్యూమెన్ వేస్తారు. గొట్టంలో ప్రవాహం వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది, పొడవు పెరిగేకొద్దీ తగ్గుతుంది. ట్రిపుల్ ల్యూమెన్ అంటే పదహారు ఇరవై సెంటీమీటర్ల పొడవున్న ఒక గొట్టంలో మూడు సన్నటి దారులు. చేతికి వేసే ఆరెంజ్ రంగు 14 గేజ్, గ్రే రంగు 16 గేజ్ క్యాన్యులాలు పొట్టివి, వెడల్పువి (గేజ్ అంకె తగ్గేకొద్దీ గొట్టం వెడల్పు). ఆకుపచ్చ 18 గేజ్ కూడా చాలా సందర్భాల్లో ఆ లైన్‌తో పోటీ పడుతుంది, ఇంకా ముందుంటుంది కూడా.

కాబట్టి రక్తం, ఫ్లూయిడ్లు గబగబా ఎక్కించడమే పనైతే రెండు చేతులకూ రెండు పెద్ద క్యాన్యులాలు వేయండి. నిమిషంలో అయిపోతుంది, ఎక్స్‌రే కోసం ఆగక్కర్లేదు. దీనికి మినహాయింపు షీత్ ఇంట్రడ్యూసర్, అంటే పెద్ద నాళంలోకి వేసే పొట్టి, వెడల్పాటి గొట్టం. భారీ రక్తస్రావంలో అది నిజంగా పనికొస్తుంది. కానీ మన ట్రాలీలో చేతికందేది మామూలు ట్రిపుల్ ల్యూమెనే.

ప్రాణం మీదికొచ్చి ఏ నరమూ దొరకనప్పుడు మెడ దగ్గర తడుముకుంటూ నిమిషాలు పోగొట్టడం కంటే ఎముకలోకి సూది దించడం మేలు. మోకాలి కింద గానీ భుజం దగ్గర గానీ వేసే ఇంట్రాఆస్సియస్ సూదితో అత్యవసర మందులన్నీ ఇవ్వొచ్చు. అది ఒక పూట ఏర్పాటు మాత్రమే. సాధారణంగా ఒక రోజు లోపల వేరే దారి చూసుకుని దాన్ని తీసేయాలి.

బీపీ పెంచే మందులు: అసలు వాదన ఇక్కడే

లైన్లు ఎక్కువగా పడేది బీపీ పెంచే నోరాడ్రినలిన్ కోసం. చేతి నరం నుంచి మందు బయటికి లీకైతే చర్మం నల్లబడి చచ్చిపోతుందని అందరికీ నేర్పారు. ఆ భయం కల్పితం కాదు. కానీ లీకై చర్మం పాడైన కేసులను గుదిగుచ్చి చూస్తే ఎక్కువగా కనిపించేవి రెండు: క్యాన్యులా మోచేతి కింద, మణికట్టు దగ్గరో అరచేతి వెనకో ఉండడం, మందు చాలా గంటలు నడవడం. ఈ రెండూ మన చేతిలో ఉన్న విషయాలే.

2015లో కార్డెనాస్ గార్సియా బృందం ప్రచురించిన పరిశీలనలో 734 మందికి బీపీ మందులు చేతి నరం ద్వారానే ఇచ్చారు. సగటున రెండు రోజుల పాటు. 19 మందిలో మందు లీకైంది, అంటే వందకు ఇద్దరు ముగ్గురు. వెంటనే విరుగుడు వాడడంతో ఎవరికీ చర్మం, కండ పాడవలేదు. తర్వాత సెంట్రల్ లైన్ అవసరమైంది 95 మందికే, వందకు 13.

ఈ అంకెలు చూసి రేపటి నుంచే మొదలుపెట్టేయకండి. అక్కడ పాటించిన నియమాలు కఠినమైనవి. నరం నాలుగు మిల్లీమీటర్ల కంటే వెడల్పుందని అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. క్యాన్యులా 18 గానీ 20 గానీ గేజ్. అరచేయి, మణికట్టు, మోచేతి మడత మూడూ నిషేధం. బీపీ కఫ్ ఉన్న చేతికి వేయకూడదు. క్యాన్యులాలోకి రక్తం వెనక్కి వస్తోందని చూశాకే మందు మొదలుపెట్టాలి. నర్సు ప్రతి రెండు గంటలకూ చూసి రాయాలి. 72 గంటలు దాటకూడదు. ఆ ఫలితం ఈ నియమాలన్నీ కలిస్తే వచ్చింది. వీటిలో సగం పాటించి అదే ఫలితం ఆశించడం కుదరదు.

సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) చికిత్సపై సర్వైవింగ్ సెప్సిస్ క్యాంపెయిన్ ఇచ్చిన 2021 మార్గదర్శకాలు కూడా ఈ వైపు మొగ్గాయి. లైన్ పడేదాకా బీపీ మందు ఆపి కూర్చోకుండా చేతి నరంలోనే మొదలుపెట్టమన్నాయి. అయితే కొద్ది సమయానికే, మోచేతి మడత దగ్గర గానీ దానికి పైన గానీ ఉన్న నరంలో అని షరతు పెట్టాయి. మడత విషయంలో రెండిటికీ తేడా ఉందని గమనించే ఉంటారు. నా ఓటు మడతకు పైనే. రోగి చేయి మడిచినప్పుడల్లా పంప్ అలారం మోగుతుంది, క్యాన్యులా కదులుతుంది, నర్సుకు రాత్రంతా టెన్షన్.

వ్యతిరేకంగా వచ్చిన ఆధారం కూడా చెప్పాలి. 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఫ్రాన్స్‌కు చెందిన రికార్ బృందం రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా చేసి, ఒకరికి మొదటి నుంచే సెంట్రల్ లైన్, ఇంకొకరికి చేతి క్యాన్యులా వేశారు. పెద్ద ఇబ్బందులు క్యాన్యులా గుంపులోనే ఎక్కువ కనిపించాయి. క్యాన్యులా పెట్టడంలో పడ్డ కష్టాన్ని కూడా వాళ్లు ఇబ్బందిగానే లెక్కగట్టారు, అది సబబే. పదిసార్లు సూది గుచ్చించుకున్న రోగికి మనం "లైన్ తప్పించాం" అని గొప్ప చెప్పుకోలేం. మంచి నరం ఉన్నవాళ్లకే ఈ దారి.

నా లెక్క ఇలా ఉంటుంది. నోరాడ్రినలిన్ ఒక్కటే నడుస్తోంది, డోసు తక్కువ, తగ్గుముఖం పడుతోంది, ఒకటి రెండు రోజుల్లో ఆగిపోయేలా ఉంది: చేతి నరం చాలు. డోసు గంటగంటకూ పెరుగుతోంది, రెండో మందు కలపాల్సి వస్తోంది, దాంతోపాటు ఇంకో నాలుగు ఇన్‌ఫ్యూజన్లు ఉన్నాయి: లైన్ వేయండి, రాత్రి రెండింటిదాకా ఆగి హడావుడిగా వేయొద్దు. బీపీ పెంచే మరో మందు వాసోప్రెసిన్‌ను చేతి నరంలో నడపడం నాకు ఇష్టముండదు. నోరాడ్రినలిన్ లీకైతే వాడే ఫెంటాలమైన్ దానికి విరుగుడుగా పనిచేయదు.

ఇక మందు పలచగా కలపండి. 250 మి.లీ. లో 4 మి.గ్రా. కలిపితే మి.లీ.కి 16 మైక్రోగ్రాములు అవుతుంది, చేతి నరానికి చాలా చోట్ల వాడే గాఢత ఇదే. సెంట్రల్ లైన్ కోసం చిక్కగా కలిపిన సిరంజిని తెచ్చి చేతి క్యాన్యులాకు తగిలించడం ప్రమాదం. డోసు హద్దు ఒక్కో యూనిట్‌లో ఒక్కోలా ఉంటుంది. ఏ అంకె పెట్టుకున్నా అది ముందే రాసి ఉండాలి. రాసి లేకపోతే "ఇంకొంచెం చూద్దాం" అంటూ తెల్లవారిపోతుంది.

లీకైతే ఏం చేయాలో కూడా మొదలుపెట్టకముందే తెలిసి ఉండాలి. మందు ఆపండి, క్యాన్యులా వెంటనే పీకేయకండి, లోపల మిగిలిన మందును దాని ద్వారానే వెనక్కి లాగండి. తర్వాత 5 నుంచి 10 మి.గ్రా. ఫెంటాలమైన్‌ను సెలైన్‌లో కలిపి పాలిపోయిన చర్మం చుట్టూ సన్న సూదితో ఇవ్వాలి. ఆలస్యమయ్యేకొద్దీ పని చేయదు, 12 గంటల లోపలే. ఫెంటాలమైన్ అన్నిచోట్లా దొరకదు. అలాంటి చోట టర్బుటలైన్ ఇంజెక్షన్, నైట్రోగ్లిసరిన్ ఆయింట్‌మెంట్ వాడతారు. ఆ మందు ఏ బీరువాలో ఉందో డ్యూటీ నర్సుకు తెలియని ఐసీయూ ఈ పద్ధతి మొదలుపెట్టకపోవడమే మంచిది.

"నరం దొరకడం లేదు" అన్నప్పుడు

ఈ మాటకు అర్థం చాలాసార్లు "కంటికి కనబడే నరం లేదు" అనే. లోపల ఉంటుంది. వాపు వచ్చిన చేతుల్లో, లావుగా ఉన్నవాళ్లలో, పదేపదే ఆసుపత్రి పాలైనవాళ్లలో అల్ట్రాసౌండ్ పెడితే పై చేతిలో నరాలు కనిపిస్తాయి. మెడకు లైన్ వేయడానికి తెచ్చిన మెషీన్‌నే ముందు చేతి మీద పెట్టి చూడండి. సగం లైన్లు ఇక్కడే తప్పుతాయని నేను అనను, కానీ కొన్ని కచ్చితంగా తప్పుతాయి.

ఒక మెళకువ ఉంది. లోతుగా ఉన్న నరానికి మామూలు పొట్టి క్యాన్యులా వేస్తే గొట్టంలో ఎక్కువ భాగం చర్మం కింది కొవ్వులోనే అయిపోతుంది, నరం లోపల ఉండేది కొస మాత్రమే. చేయి కదలగానే బయటికొస్తుంది. వేసిన రోజు బాగానే ఉండి మర్నాటికి ఉబ్బిపోయే క్యాన్యులాలు చాలావరకు ఇలాంటివే. లోతైన నరానికి పొడవైన క్యాన్యులా వాడాలి.

రోజులు ఎక్కువైతే: మిడ్‌లైనా, పిక్ లైనా

ఐదారు రోజుల్లో పనైపోతే మామూలు క్యాన్యులాలతోనే నెట్టుకురావచ్చు. రెండు వారాల దాకా యాంటీబయాటిక్ ఇవ్వాలి, చేతులు చూస్తే గుచ్చిన మచ్చలే ఉన్నాయి, అప్పుడేం చేయాలి? ఇక్కడ 2015లో వచ్చిన మ్యాజిక్ మార్గదర్శకం పనికొస్తుంది. మిషిగన్ నుంచే వచ్చిన ఈ పత్రం రోజుల్ని బట్టి, మందుని బట్టి ఏది సబబో విడదీసి చెప్పింది. 14 రోజుల లోపు అవసరానికి, మందు ఘాటైనది కాకపోతే, పిక్ లైన్ కంటే మిడ్‌లైన్ మేలంది.

మిడ్‌లైన్‌ను పై చేతి నరంలో పెడతారు, కొస చంక దగ్గరే ఆగిపోతుంది. గుండె దగ్గరికి పోదు కాబట్టి కొస ఎక్కడుందో చూడ్డానికి ఎక్స్‌రే అక్కర్లేదు. పిక్ లైన్ కూడా అదే చేతి నుంచి వెళ్తుంది గానీ కొస గుండె దాకా వెళ్తుంది. చేతిలో ఉందికదా అని దాన్ని చిన్న లైన్ అనుకోకండి, అది సెంట్రల్ లైనే. మెడ లైన్ తీసేసి పిక్ వేస్తే సెంట్రల్ లైన్ తగ్గినట్టు కాదు. పైగా ఐసీయూ రోగుల్లో, కేన్సర్ రోగుల్లో పిక్ లైన్‌తో చేతి నరంలో గడ్డలు ఎక్కువని 2013లో వచ్చిన పెద్ద విశ్లేషణ తేల్చింది. ఐసీయూలో ఉన్నంతకాలం, అదీ 14 రోజుల లోపు అవసరానికి, సెంట్రల్ లైన్ తప్పనిసరైతే మెడకో ఛాతీకో వేసే మామూలు లైనే పిక్ కంటే నయమని మ్యాజిక్ కూడా చెప్పింది.

మిడ్‌లైన్ మీద కూడా గుడ్డి నమ్మకం వద్దు. టీపీఎన్ (నోటికి బదులు రక్తనాళం ద్వారా ఇచ్చే పూర్తి ఆహారం) దాని ద్వారా పోదు, నరాన్ని కాల్చే మందుల్ని గంటల తరబడి నడపకూడదు. 2022లో పదివేల మందికి పైగా రోగుల వివరాలతో వచ్చిన పోలికలో పిక్‌తో చూస్తే మిడ్‌లైన్‌లో రక్త ఇన్ఫెక్షన్లు, గొట్టం మూసుకుపోవడం తక్కువే, కానీ చేతిలో గడ్డల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చేయి వాస్తే, లాగినట్టు నొప్పి వస్తే వెంటనే అల్ట్రాసౌండ్ చూడాలి.

కిడ్నీ జబ్బున్నవాళ్లను ఈ పోలిక నుంచే బయట పెట్టండి. కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ అంకె 45 కంటే తక్కువగా ఉన్నవాళ్లకు పై చేతి నరాలే రేపు డయాలిసిస్ ఫిస్టులాకు (డయాలిసిస్ కోసం చేతి ధమనిని నరంతో కలిపి చేసే ఏర్పాటు) ఆస్తి. పిక్ గానీ మిడ్‌లైన్ గానీ పెట్టి ఆ నరం మూసుకుపోతే తిరిగి తెచ్చివ్వలేం. అరచేతి వెనక చిన్న క్యాన్యులా చూడండి. అది చాలకపోతే మెడ నుంచి సన్నటి లైన్ వేయించండి. కిడ్నీ డాక్టరుతో మాట్లాడకుండా ఈ రోగులకు పిక్ వేయొద్దని అమెరికా నెఫ్రాలజీ సొసైటీ 2012లోనే చెప్పింది.

లైన్ తప్పనివి, తప్పుతుందని తెలియనివి

కొన్నింటికి వాదన అక్కర్లేదు. డయాలిసిస్ క్యాథటర్, గుండెకు తాత్కాలిక పేసింగ్ వైరు, ఆస్మొలారిటీ (ద్రవం గాఢత) 900 దాటిన టీపీఎన్, 23.4 శాతం సెలైన్, గాఢమైన పొటాషియం, ఎక్కువ డోసుల్లో రెండు మూడు బీపీ మందులు. వీటికి సెంట్రల్ లైన్ వేయాల్సిందే.

దీని పక్కనే, అలవాటుగా లైన్ వేసేవి కొన్ని ఉన్నాయి. 3 శాతం సెలైన్ మంచి చేతి క్యాన్యులాలో ఇవ్వొచ్చు. కాల్షియం కావాలంటే క్లోరైడ్ బదులు గ్లూకొనేట్ వాడితే చేతి నరం తట్టుకుంటుంది. పొటాషియం పలచగా, గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్ల చొప్పున చేతికే పోతుంది. నోటి ద్వారా గానీ ట్యూబ్ ద్వారా గానీ ఇవ్వగలిగితే అసలు ఈ గొడవే ఉండదు. గుండె లయ సరిచేసే అమియోడరోన్ మధ్యలో ఉంటుంది: మొదటి డోసు చేతికి ఫర్వాలేదు, రోజంతా నడిపితే నరం వాచిపోతుంది.

సీవీపీ (గుండె దగ్గరి పెద్ద నాళంలో రక్తపు ఒత్తిడి) కొలవడానికి లైన్ వేయడం గురించి రెండు మాటలు. ఆ అంకె చూసి రోగికి ఫ్లూయిడ్ పనిచేస్తుందో లేదో చెప్పలేమని 2008లోనే మారిక్ విశ్లేషణ తేల్చింది. 2014, 2015లలో వచ్చిన ప్రాసెస్, అరైజ్, ప్రామిస్ అనే క్లినికల్ ట్రయల్స్ మూడూ సెప్టిక్ షాక్‌లో అందరికీ లైన్ వేసి అంకెల వెంట పరిగెత్తినంత మాత్రాన ప్రాణాలు ఎక్కువ దక్కవని చూపించాయి. రోజూ రక్తం తీయడానికి సులువు అన్నది ఇంకో కారణం. ఇది నర్సుల వైపు నుంచి నిజమైన ఇబ్బందే, కొట్టిపారేయకూడదు. దానికి మందు మాత్రం లైన్ కాదు, రోజుకు మూడుసార్లు రాసే టెస్టుల్లో నిజంగా చూసుకునేవి ఎన్నో లెక్కబెట్టుకోవడం.

వేయాల్సి వస్తే ఎక్కడ

2015లో వచ్చిన త్రీ సైట్స్ అధ్యయనం మూడు చోట్లనూ పోల్చింది. ఇన్ఫెక్షన్, లక్షణాలు చూపించే గడ్డ రెండూ కలిపి వెయ్యి క్యాథటర్ రోజులకు కాలర్ ఎముక కింద 1.5, మెడలో 3.6, తొడలో 4.6. ఛాతీలో గాలి చేరి ట్యూబ్ వేయాల్సి రావడం మాత్రం కాలర్ ఎముక కింద నూటికి 1.5, మెడలో 0.5. అంటే ఎక్కువ రోజులు ఉంటుందనుకుంటే, వేసే చేయి తిరిగినదైతే, కాలర్ ఎముక కింద. ఊపిరి అందని రోగికి, రక్తం గడ్డకట్టనివాళ్లకు మెడ. తొడ అత్యవసరానికి. డయాలిసిస్ క్యాథటర్‌కు ఈ వరస తిరగబడుతుంది: ముందు కుడి మెడ, తర్వాత తొడ, ఆ తర్వాత ఎడమ మెడ, కాలర్ ఎముక కింద ఆఖరున. దారులు ఎన్ని కావాలో అన్నే ఉన్న లైన్ తీసుకోండి. నాలుగు దారులున్న లైన్ వేసి రెండు ఖాళీగా ఉంచితే ఆ రెండూ సూక్ష్మజీవులకు గుమ్మాలే.

గుండె ఆగిన రోగికి గ్లవ్స్ కూడా సరిగ్గా వేసుకోకుండా వేసిన లైన్‌ను 48 గంటల లోపల మార్చాలి, అవసరం లేకపోతే తీసేయాలి. మామూలు లైన్లను వారానికోసారి ఊరికే మార్చే అలవాటుంటే మానేయండి. దానివల్ల ఇన్ఫెక్షన్ తగ్గదు.

తీయడం అనే రెండో నిర్ణయం

వేయడానికి ఒక డాక్టరు చాలు, తీయడానికి అందరూ ఒప్పుకోవాలన్నట్టు ఉంటుంది మన తీరు. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో మూడు పెద్ద ఆసుపత్రుల్లో డాక్టర్లను అడిగి చూస్తే, ఐదు సందర్భాల్లో ఒకసారి తమ రోగికి సెంట్రల్ లైన్ ఉందన్న సంగతే డాక్టరుకు తెలియదు. దుప్పటి కింద ఉన్నది ఎవరికీ గుర్తు రాదు మరి.

"లైన్ ఇంకా కావాలా?" అని రౌండ్స్‌లో అడిగితే "ఉంచండి" అనే జవాబు సులువుగా వచ్చేస్తుంది. ప్రశ్న తిప్పి అడగాలి: "ఈ లైన్‌లో ఇప్పుడు ఏ మందు వెళ్తోంది? అది చేతి నరంలో ఎందుకు పోదు?" రెండోదానికి జవాబు చెప్పలేకపోతే ఆ పూటే తీసేయాలి. అడిగే పని నర్సుకు అప్పగిస్తే బాగా నడుస్తుంది, ఎందుకంటే ఏ దారిలో ఏం పోతోందో రోజంతా చూసేది ఆమే. కానీ "సార్, ఇది తీసేద్దామా" అన్నందుకు ఒక్కసారి విసుక్కుంటే చాలు, మర్నాటి నుంచి ఆ ప్రశ్న రాదు. సీనియర్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఐసీయూ నుంచి వార్డుకు పంపే పూట కూడా ఈ ప్రశ్న తప్పనిసరి. లైన్‌తోనే వార్డుకు వెళ్లిన రోగికి అక్కడ దాన్ని చూసుకునే చేతులు తక్కువ.

తీసే ముందు మంచి చేతి క్యాన్యులా ఒకటి, వీలైతే రెండు పెట్టుకోండి. తీసిన గంటకే మళ్లీ లైన్ వేయాల్సి వస్తే యూనిట్ అంతా ఆ ఒక్క కేసునే నెలల తరబడి చెప్పుకుంటుంది, ఇంకెవరూ తీయరు.

తీయడం చిన్న పనే గానీ నిర్లక్ష్యంగా చేస్తే ప్రాణం పోతుంది. రోగిని కూర్చోబెట్టి తీయకూడదు, గాలి లోపలికి పీల్చుకుపోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, వీలైతే తల కొంచెం కిందికి వంచి, ఊపిరి బిగబట్టమనో వదలమనో చెప్పి లాగాలి. ఐదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టి, గాలి చొరబడని డ్రెస్సింగ్ వేసి ఒక రోజు ఉంచాలి. అరగంట పడుకునే ఉండమనాలి. ఇన్ఫెక్షన్ అనుమానం లేకపోతే తీసిన లైన్ కొసను కల్చర్‌కు (సూక్ష్మజీవులున్నాయేమో చూసే పరీక్షకు) పంపొద్దు. అక్కర్లేని రిపోర్టు వస్తుంది, దానికి అక్కర్లేని యాంటీబయాటిక్ మొదలవుతుంది.

లెక్కల గురించి ఒక హెచ్చరిక. లైన్ ఉన్న రోజుల్ని రోగుల మొత్తం రోజులతో భాగిస్తే వాడకం నిష్పత్తి వస్తుంది. రోజూ ఒకే వేళకు లెక్కబెట్టి నెలనెలా చూసుకోవాలి. కానీ మిడ్‌లైన్ వల్ల వచ్చిన రక్త ఇన్ఫెక్షన్ సెంట్రల్ లైన్ లెక్కలోకి రాదు. మెడ లైన్లన్నీ తీసి విచ్చలవిడిగా మిడ్‌లైన్లు వేస్తే పట్టిక అందంగా కనిపిస్తుంది, రోగికి ఒరిగేదేమీ ఉండదు. కాబట్టి మిడ్‌లైన్ ఇన్ఫెక్షన్లు, చేతి గడ్డలు, మందు లీకైన కేసులు, ఒక రోగికి ఎన్నిసార్లు సూది గుచ్చారన్నది కూడా అదే పట్టికలో రాయండి. మరో సంగతి: అక్కర్లేని లైన్లు తీసేస్తే మిగిలేవి బాగా జబ్బుపడ్డవాళ్ల లైన్లు. వెయ్యి క్యాథటర్ రోజులకు ఇన్ఫెక్షన్ రేటు కొన్నాళ్లు పెరిగినట్టు కనిపించొచ్చు. కంగారుపడకుండా మొత్తం ఇన్ఫెక్షన్ల సంఖ్య చూడండి.

బయట కూర్చున్నవాళ్లకు

మీవాళ్లకు మెడ దగ్గర లైన్ ఉంటే భయపడక్కర్లేదు, అది ప్రాణం కాపాడుతూ ఉండొచ్చు. తీసేయమని పట్టుబట్టకండి కూడా. రోజుకోసారి మర్యాదగా ఇలా అడగండి: "డాక్టర్ గారూ, ఈ లైన్ దేనికోసం ఉంచారు? ఎప్పటికి తీసేయొచ్చు?" లైన్ చుట్టూ ఎర్రబడినా, డ్రెస్సింగ్ తడిసినా, ఊడినా సిస్టర్‌కు వెంటనే చెప్పండి. చలితో వణుకు వచ్చినా అంతే, ముఖ్యంగా లైన్‌లో మందు ఎక్కించిన కాసేపటికి వస్తే. లోపలికి వెళ్లినప్పుడు చేతులు శుభ్రం చేసుకోండి, లైన్‌ను మీరు ముట్టుకోకండి.